కోర్టు మెట్లెక్కని లాయరు

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంఈసీ గ్రూపు. ఈ వేసవిలో ఒక రాత్రి భోజనాల దగ్గర "నేను క్లాట్ రాస్తాను, కార్పొరేట్ లాయర్ని అవుతాను" అంది. మా వారు కంచంలోంచి తలెత్తి నా వైపు చూశారు. మా మామగారు తినడమే ఆపేశారు. ఆయనకి కోర్టు అన్న మాట పడదు. పశ్చిమ గోదావరిలో పొలం దగ్గర బోదె తగాదాలో సొంత అన్నగారితో వ్యాజ్యం నడిపి, పదకొండేళ్లు వాయిదాలకు తిరిగిన మనిషి. "లాయరీ ఎందుకమ్మా, నల్లకోటు వేసుకుని చెట్టు కింద పార్టీల కోసం ఎదురుచూడటానికా? మీ అమ్మలాగా బ్యాంకు పరీక్ష రాసుకో" అన్నారు.

"తాతయ్యా, ఈ లాయర్లు కోర్టుకే వెళ్లరు."

"కోర్టుకెళ్లని లాయరేమిటమ్మా?" అని ఆయన నన్నడిగారు.

నాకు కొంత తెలుసు. చదువులో నేర్చుకున్నది కాదు. ఎంబీఏలో విలీనాల మీద మాకొక పేపరు ఉండేది కానీ, అందులో కంపెనీకి వెల కట్టే లెక్కలే తప్ప లాయరు ఊసు పెద్దగా లేదు. నాకు ఆ వృత్తి పరిచయమైంది హైదరాబాదులో మిడ్ కార్పొరేట్ శాఖలో పనిచేసిన రోజుల్లో. మన ఉద్యోగుల ఇళ్లలో ఇంజనీరింగు, మెడిసిన్, సీఏ తరువాత ఇప్పుడు ఈ పేరు కూడా వినిపిస్తోంది కాబట్టి, నేను చూసింది, తరువాత మా అమ్మాయి కోసం వాకబు చేసింది ఇక్కడ రాస్తున్నాను.

మా శాఖలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీ ఖాతా ఉండేది. యజమాని మంచివాడే కానీ రెండు పెద్ద ఆర్డర్లు వెనక్కి పోయి వాయిదాలు ఆగాయి. ఖాతా ఎస్‌ఎంఏ-2లోకి జారింది. ఇంకో మూడు వారాలు గడిస్తే ఎన్‌పీఏ. ఆ పరిస్థితి ఎలా ఉంటుందో మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు, అమ్మో నాన్నో ఇంటికి ఏ మొహంతో వస్తారో చూస్తారు కదా. సరిగ్గా అప్పుడే ఒక ప్రైవేట్ ఈక్విటీ సంస్థ ఆ కంపెనీలో వాటా కొనడానికి ముందుకొచ్చింది. వాళ్ల తరఫున ముంబయి నుంచి ఒక లాయరమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మా శాంక్షన్ లెటర్లు, తనఖా కాగితాలు రెండు రోజులు కూర్చుని చదివింది. మూడో రోజు రాత్రి పదకొండింటికి ఫోను.

"మేడం, ఏడేళ్ల క్రితం తీరిపోయిన ఒక టర్మ్ లోను మీద ఛార్జి ఇంకా కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర అలాగే ఉంది. చూశారా?"

చూడలేదు. నేనే కాదు, నాకు ముందు కూర్చున్నవాళ్లూ చూడలేదు. అప్పు తీరగానే నో డ్యూస్ సర్టిఫికెట్ ఇచ్చాం, అక్కడితో మన పని అయిపోయిందనుకున్నాం. కానీ అప్పు తీరిన 30 రోజుల్లో కంపెనీ ఛార్జి రద్దు ఫారం దాఖలు చేయాలి. ఆలస్యమైతే అదనపు రుసుముతో 300 రోజుల దాకా గడువు ఉంటుంది. అదీ దాటితే ఆలస్యాన్ని మన్నించమని ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి సమయం పడుతుంది. కంపెనీ అకౌంటెంట్ ఫారం వేయలేదు, మనం అడగలేదు. రికార్డు ప్రకారం ఆ యంత్రాలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. అలాంటి రికార్డు ఉన్న కంపెనీలోకి డబ్బు పంపించమని ఏ లాయరూ తన క్లయింటుకు చెప్పరు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ లాయరు అసలు పని నాకు అర్థమైంది ఆ మరుసటి రోజునే. తప్పు పట్టుకోవడం సగం పని. ఆ అమ్మాయి ఒప్పందంలో ఒక షరతును డబ్బు రాకముందు జరగాల్సిన వాటి జాబితాలోంచి తీసి, డబ్బు వచ్చాక ఫలానా గడువులోగా జరగాల్సిన వాటి జాబితాలోకి మార్చింది. అంతదాకా సొమ్ములో కొంత భాగం మా శాఖలోనే ఎస్క్రో ఖాతాలో ఉంచాలని, ఆ పాత ఛార్జి వల్ల నష్టమేదైనా వస్తే యజమాని సొంతంగా భరించాలని రెండు పేరాలు చేర్చింది. అంతే. గడువుకు నాలుగు రోజుల ముందు డబ్బు వచ్చింది, వాయిదాలు కట్టుబడ్డాయి. ఏదైనా అనుకోనిది జరిగితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలో, తగాదా పుట్టకముందే కాగితం మీద తేల్చిపెట్టడమే ఈ లాయర్ల వృత్తి. కోర్టుకు వెళ్లాల్సి వచ్చిందంటే చాలాసార్లు ముందు రాసిన కాగితంలో ఏదో లోపం ఉన్నట్టే.

ప్రైవేట్ ఈక్విటీ అన్న మాట పిల్లలకు కొత్త కావచ్చు. పెన్షన్ ఫండ్లు, బీమా సంస్థలు, బాగా డబ్బున్న కుటుంబాల దగ్గర సొమ్ము పోగుచేసి, ఆ సొమ్ముతో కంపెనీల్లో వాటాలు కొనే సంస్థలివి. మనలాగా అప్పు ఇచ్చి వడ్డీ తీసుకోరు. వాటా తీసుకుని, కంపెనీ పెరిగాక నాలుగైదేళ్లకో ఏడెనిమిదేళ్లకో అమ్ముకుని వెళ్లిపోతారు. వచ్చే రోజునే వెళ్లే దారి రాసుకుంటారు. యజమాని తన వాటా అమ్మితే అదే ధరకు మాదీ అమ్మించాలి, ఫలానా సంవత్సరంలోగా మాకు బయటపడే మార్గం చూపకపోతే మొత్తం కంపెనీని అమ్మే హక్కు మాకుండాలి, మా అనుమతి లేకుండా కొత్త అప్పు తేకూడదు, ఇలా ఉంటాయి షరతులు. ఇక విలీనం, స్వాధీనం అంటే మీకు తెలిసిందే. ఒక కంపెనీ మరొకదానిలో కలిసిపోవడం, లేదా ఒకరి వాటాలు ఇంకొకరు కొనడం.

ఇందులో మొదటి మెట్టును డ్యూ డిలిజెన్స్ అంటారు. ఇంటి లోను ఇచ్చేముందు మన ప్యానెల్ అడ్వకేటు ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూసి లీగల్ ఒపీనియన్ ఇస్తారు చూడండి, అదే పని. కాకపోతే ఇక్కడ ఒక స్థలం కాదు, మొత్తం కంపెనీ. భూములు, లైసెన్సులు, ఉద్యోగుల పీఎఫ్, పన్ను నోటీసులు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు, పెండింగు కేసులు, అన్నీ చదవాలి. తరువాత వాటాల కొనుగోలు ఒప్పందం, వాటాదారుల మధ్య ఒప్పందం. ఆ తరువాత అనుమతులు.

మన ప్రాంతంలో జరిగిన ఒక ఉదాహరణ చెబుతాను, విశాఖపట్నం దగ్గరి గంగవరం పోర్టు. ఆ లావాదేవీ రాష్ట్రానికి మేలా కాదా అన్న చర్చ అప్పట్లో చాలా జరిగింది, దానిలోకి నేను వెళ్లను. లాయరు పని చూపించడానికి మాత్రం ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ పోర్టు కంపెనీలో ముగ్గురు వాటాదారులు. డీవీఎస్ రాజు కుటుంబానికి 58.1 శాతం, వార్‌బర్గ్ పింకస్ అనే అమెరికన్ ప్రైవేట్ ఈక్విటీ సంస్థకు 31.5 శాతం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి 10.4 శాతం. 2021లో అదానీ పోర్ట్స్ కొనడానికి వచ్చింది. షేరు ధర 120 రూపాయలు.

కొనేది ఒకటే పోర్టు, కానీ ముగ్గురి నుంచీ తీసుకున్న దారులు వేరు. వార్‌బర్గ్ వాటాకు 1,954 కోట్ల రూపాయల నగదు. అది సహజం. ఫండ్ అన్నది తన పెట్టుబడిదారులకు డబ్బు తిరిగి ఇచ్చుకోవాలి, ఇంకో కంపెనీ షేర్లు పట్టుకుని కూర్చోవడం దానికి కుదరదు. రాష్ట్ర ప్రభుత్వ వాటాకు సుమారు 645 కోట్లు. ఇక్కడ అమ్మేది ప్రభుత్వం కాబట్టి మంత్రివర్గ నిర్ణయం, ఉత్తర్వులు కావాలి. పైగా ఆ పోర్టు నడుస్తున్నదే ప్రభుత్వంతో ఉన్న కన్సెషన్ ఒప్పందం మీద. రాజు కుటుంబం వాటా సంగతి ఇంకా ఆసక్తికరం. మొదట 3,604 కోట్లకు కొనుగోలు అని ప్రకటించారు, తరువాత దాన్ని విలీనంగా మార్చారు. గంగవరం షేర్లు 1,000కి అదానీ పోర్ట్స్ షేర్లు 159 చొప్పున, ఆ కుటుంబానికి దాదాపు 4.8 కోట్ల షేర్లు వచ్చాయి. మీ ఇంట్లో లెక్కలు ఇష్టపడే పిల్లలుంటే ఒకసారి వేయించండి. 1,954 కోట్లను 120తో భాగిస్తే వార్‌బర్గ్ షేర్లు ఎన్నో వస్తాయి, దాని నుంచి కంపెనీ మొత్తం షేర్లు, అందులో 58.1 శాతం, దాన్ని 159తో గుణించి వెయ్యితో భాగిస్తే సరిగ్గా ఆ దగ్గరికే వస్తారు.

విలీనం దారి పట్టినప్పుడు పని పెరుగుతుంది. 2013 కంపెనీల చట్టం 230 నుంచి 232 దాకా సెక్షన్ల కింద స్కీము తయారుచేసి జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ముందు పెట్టాలి. వాటాదారులు, అప్పులిచ్చినవారు సమావేశమై విలువ ప్రకారం నాలుగింట మూడు వంతుల మద్దతుతో ఒప్పుకోవాలి. మనకు కూడా ఆ సమావేశపు నోటీసు వచ్చేది అందుకే. గంగవరం స్కీముకు ట్రిబ్యునల్ ఆమోదం 2022లో వచ్చింది. ఒక పరిమాణం దాటిన లావాదేవీలకు కాంపిటీషన్ కమిషన్ అనుమతి కావాలి. ఎవరి వాటాలు కొంటున్నారో ఆ కంపెనీ స్టాక్ మార్కెట్లో నమోదైనదైతే సెబీ నిబంధన ఇంకోటి ఉంది. 25 శాతం వాటా తాకితే మామూలు షేర్‌హోల్డర్ల దగ్గర కనీసం మరో 26 శాతం కొంటామని ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. మీలో సత్యం షేర్లు ఉన్నవారికి 2009లో టెక్ మహీంద్రా ఇచ్చిన 58 రూపాయల ధర గుర్తుండే ఉంటుంది.

మన రంగం విలీనాలు మాత్రం వేరే దారి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు, ఆంధ్రా బ్యాంకు షేర్లు 1,000కి యూనియన్ బ్యాంకు షేర్లు 325 అని నిర్ణయమైంది. అది ట్రిబ్యునల్‌కు వెళ్లలేదు. బ్యాంకుల జాతీయీకరణ చట్టాల్లోని సెక్షన్ 9 కింద, రిజర్వు బ్యాంకును సంప్రదించి కేంద్ర ప్రభుత్వమే స్కీము నోటిఫై చేసింది. అదే హెచ్‌డీఎఫ్‌సీ, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు విలీనం చూడండి. 2022 ఏప్రిల్ 4న ప్రకటిస్తే 2023 జులై 1న అమల్లోకి వచ్చింది, మధ్యలో రిజర్వు బ్యాంకు, సెబీ, కాంపిటీషన్ కమిషన్, ట్రిబ్యునల్ అన్నీ దాటాలి. ఆ పదిహేను నెలలూ లాయర్ల కాలమే.

1991 దాకా ఇంత పని లేదు. పెద్ద కంపెనీలు కలవాలంటే గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద ముందు అనుమతి అవసరమయ్యేది. ఆ నిబంధన ఆ ఏడాది పోయింది, తరువాత విదేశీ పెట్టుబడి వచ్చింది, దానితోపాటు ఈ వృత్తీ పెరిగింది. జియా మోదీ గారి జీవితం ఈ మార్పుకు మంచి గుర్తు. ప్రసిద్ధ న్యాయవాది సోలీ సొరాబ్జీ కుమార్తె. కేంబ్రిడ్జిలో, హార్వర్డులో చదివి, న్యూయార్కులో ఒక పెద్ద సంస్థలో పనిచేసి, 1984లో బొంబాయి తిరిగొచ్చి కోర్టులోనే ప్రాక్టీసు మొదలుపెట్టారు. తరువాత కార్పొరేట్ వైపు మళ్లారు. 2004లో ఏర్పడిన ఏజడ్‌బీ సంస్థ ఇవాళ దేశంలో పెద్ద లా సంస్థల్లో ఒకటి. ఇంకో పెద్ద పేరు అమర్‌చంద్ మంగళ్‌దాస్. ఇతరుల కంపెనీలను కలిపే ఆ సంస్థే 2015లో ఇద్దరు అన్నదమ్ముల మధ్య రెండుగా విడిపోయింది. ఈ సంగతి చెబితే మా మామగారు ఆ రోజు మొదటిసారి నవ్వారు.

ఇక దారి. ఇంటర్ తరువాత ఐదేళ్ల కోర్సు, బీఏ ఎల్‌ఎల్‌బీ లేదా బీబీఏ ఎల్‌ఎల్‌బీ. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి క్లాట్ ద్వారా ప్రవేశం. మనకు హైదరాబాదులో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి వేరే పరీక్ష. రెండు రాష్ట్రాల్లోనూ మిగతా లా కాలేజీలకు లాసెట్. క్లాట్‌లో ఇప్పుడు 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. ముందుగా చట్టం తెలిసి ఉండక్కర్లేదు. పేరాలు ఇస్తారు, చదివి అర్థం చేసుకుని జవాబు చెప్పాలి. అంటే పరీక్ష చదివే అలవాటుకే. సూత్రాలు బట్టీపట్టిన పిల్లలు ఇక్కడ తడబడతారు. తెలుగు మీడియం పిల్లలకు ఇది చేతకాదని నేను అనను కానీ, పదో తరగతి నుంచే రోజూ ఇంగ్లీషు పేపరు సంపాదకీయం చదివించాలి. డిగ్రీ అయ్యాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసినవారూ, కంపెనీ సెక్రటరీ చదివి లా చేసినవారూ ఈ పనిలో ఉన్నారు. చదువయ్యాక బార్ కౌన్సిల్‌లో నమోదు, ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్.

ఖర్చు దాచను. జాతీయ విశ్వవిద్యాలయాల్లో హాస్టలుతో కలిపి ఏడాదికి రెండు మూడు లక్షలు ఎక్కడికీ పోవు. మనకు విద్యారుణం సంగతి చెప్పక్కర్లేదు. మొదటి వరుస సంస్థలు మంచి కాలేజీల నుంచి తీసుకునే పిల్లలకు మొదటి ఏడాదే మన కొత్త ప్రొబేషనరీ ఆఫీసరు జీతం కంటే బాగా ఎక్కువ ఇస్తాయి. అయితే ఆ సంస్థలు కొన్నే, అవీ ఎక్కువగా ముంబయి, ఢిల్లీ, బెంగళూరుల్లో. అవి ఎక్కువగా తీసుకునేది తమ దగ్గర ఇంటర్న్‌షిప్ చేసి మెప్పించినవారినే. మామూలు కాలేజీలో చదివి మొదట నెలకు పాతికవేలతో చేరినవారినీ నేను చూశాను. ఇంట్లో జీతం అంకె ఒక్కటే వినిపించి, ఆ రెండో సంగతి చెప్పకపోవడం పిల్లలకు అన్యాయం.

జీతానికి ఇంకో వెల కూడా ఉంది. మనకు మార్చి 31 ఏడాదికి ఒకటి. వాళ్లకు ప్రతి డీలూ ఒక మార్చి 31. పగలు ఇక్కడి క్లయింటు, రాత్రి న్యూయార్కు క్లయింటు. చాలా సంస్థల్లో పనిని ఆరేసి నిమిషాల ముక్కలుగా రాసి బిల్లు వేస్తారు. కింది మెట్టు అసోసియేట్, తరువాత సీనియర్, ప్రిన్సిపల్, ఆపైన పార్ట్‌నర్. పార్ట్‌నర్ అయ్యేసరికి సుమారు పదేళ్లు. పెళ్లి, పిల్లలు అన్నీ ఆ పదేళ్లలోనే పడతాయి. అందుకే మధ్యలో చాలామంది కంపెనీల లీగల్ విభాగాలకు మారిపోతారు. మాకు ఆ రాత్రి ఫోను చేసిన అమ్మాయి కూడా ఇప్పుడు ఒక కంపెనీలో లీగల్ హెడ్. ఈ మధ్య ఫోను చేసి మా అమ్మాయి సంగతి చెబితే, "జీతం గురించి తరువాత మాట్లాడదాం మేడం. తనకి ఎనభై పేజీల బోరు కాగితం ఇచ్చి చూడండి, ఎక్కడ ఆగుతుందో" అంది.

మన బ్యాంకుల్లోనూ ఐబీపీఎస్ ద్వారా లా ఆఫీసర్లను తీసుకుంటారు. పైగా కంపెనీలను కొనడానికి బ్యాంకులు అప్పివ్వడం మీద చాలాకాలంగా ఉన్న ఆంక్షలను సడలిస్తామని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరులో ప్రకటించింది. అంటే ఇలాంటి ఒప్పందాలు ఇకపై మన టేబుళ్ల మీదికీ వస్తాయి. అవి చదివేవాళ్లు మనకూ కావాలి.

ఎనభై పేజీల బోరు కాగితం మా ఇంట్లో దొరకలేదు. మామగారి ట్రంకు పెట్టెలో 1978 నాటి పంపకాల దస్తావేజు మాత్రం ఉంది. చేతిరాత, పాత తెలుగు, ఎకరాలు, సెంట్లు, నాలుగు వైపులా హద్దులు. మా అమ్మాయి పెన్సిలు పట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చుంది. మూడో రోజు తాతగారి కుర్చీ దగ్గర నేలమీద కూర్చుని, "తాతయ్యా, పడమర హద్దు బోదె అని రాశారు కానీ, ఆ బోదె ఎవరిదో రాయలేదు. కింది పొలానికి నీళ్లు ఎవరు వదలాలో కూడా లేదు" అంది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నారు. "రాయించేటప్పుడు అన్నయ్యా నేనూ ఒకే కంచంలో తింటున్నాం. ఎందుకులే అన్నాడు లేఖరి" అన్నారు. కాసేపటికి లేచి లోపలికెళ్లారు.

ఆగస్టులో క్లాట్ దరఖాస్తు నింపాం. ఫీజు నాలుగు వేలు ఆయన పెన్షన్ ఖాతాలోంచే కట్టించారు. పరీక్ష డిసెంబరులో, ఆదివారం. సెంటరుకు తీసుకెళ్లేది తానేనని కూడా చెప్పారు.